గోధుమ దాక్కునే చోట్లు

ఆసుపత్రి ఉద్యోగాల్లో చేరబోయే అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అని అడుగుతారు. ఏ జబ్బుకి ఏ పథ్యమో, దేంట్లో ఎంత బలముందో చెబుతానని వాళ్ళ ఆశ. అవన్నీ పుస్తకాల్లో నాకంటే బాగా రాసి ఉన్నాయి. నా దగ్గరున్నది వేరు. అది చెప్పడం మొదలుపెడితే కాసేపటికే వాళ్ళ మొహాలు వాడిపోతాయి. టీ తాగేసి లేచి వెళ్ళిపోతారు. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

డెబ్బైల చివర్లో నేను విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరాను. ఏ ఆసుపత్రో చెప్పను, చెప్పినా ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. రోగులకి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో చూడటం నా పని. వార్డుల్లో నర్సులు, ఆయాలు నన్ను "వంటల మేడమ్" అనేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. హోమ్ సైన్సు చదివి, పేగుల గురించీ పోషకాల గురించీ పరీక్షలు రాసి వస్తే ఈ పేరా అనుకునేదాన్ని. పోను పోను తెలిసింది, వాళ్ళు వెటకారం చెయ్యడం లేదని. ఆసుపత్రి నాకిచ్చిన చోటు నిజంగా అదే.

ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు వదిలేస్తున్నాను. ఒక పిల్ల గురించి చెబుతాను. మిగతా ఉద్యోగమంతా ఆ పిల్లకి ముందు కొంత, తర్వాత కొంత.

జ్వరమొస్తే రొట్టె

మన దగ్గర ఒంట్లో బాగున్నవాడు అన్నం తింటాడు. బాగాలేకపోతే ముందు అన్నం మానిపిస్తారు. అన్నం బరువు, రొట్టె తేలిక అని మనకి గట్టి నమ్మకం. పిల్లకి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, తండ్రి సాయంత్రానికి బేకరీ నుంచి రొట్టె పొట్లం పట్టుకొస్తాడు. పాలల్లో ముంచి తినిపిస్తారు. చూడటానికి వచ్చే చుట్టాలు కూడా రొట్టె, బిస్కెట్లు తెస్తారు. ఆసుపత్రి మాత్రం తక్కువ తిన్నదా, మేమూ పొద్దున్నే పాలు రొట్టె పంచేవాళ్ళం.

నూటికి తొంభైతొమ్మిది మందికి దీనివల్ల నష్టం లేదు. కాని గోధుమలో ఒక జిగురు ఉంటుంది. రొట్టె పొంగేది, చపాతీ సాగేది దానివల్లే. గ్లూటెన్ అంటారు. ఎక్కడో ఒకరిద్దరు పిల్లల పేగులకి ఆ జిగురు పడదు. పొట్ట ఉబ్బిపోతుంది, కాళ్ళూ చేతులూ పుల్లలవుతాయి, విరేచనాలు ఆగవు. దీనికి మందు లేదు. గోధుమని, దాని వరసే అయిన బార్లీని జన్మంతా ముట్టకుండా ఉండటమే వైద్యం. ముట్టకపోతే ఆ పిల్లలు అందరిలాగే ఎదుగుతారు.

ఇప్పుడు ఆలోచించండి. అలాంటి పిల్లకి జబ్బు చేస్తే మనం ఏం చేస్తాం? అన్నం మానిపించి రొట్టె పెడతాం. జబ్బు ముదురుతుంది. ముదిరింది కదా అని ఇంకా రొట్టె పెడతాం. ఎంతమంది పిల్లలు ఇలా ప్రేమగా తినిపించే చేతుల మీద పోయారో నాకు తెలీదు, ఎవరికీ తెలీదు. కాగితాల మీద "విరేచనాలు" అని రాసి మూసేశారు.

అన్నం తినేవాళ్ళకి రాదట

ఈ జబ్బుని నేను మొదట చూసింది స్టీల్ ప్లాంటు కట్టడానికి వచ్చిన ఒక ఉత్తరాది ఇంజనీరు కొడుకులో. ఆ తల్లి వాళ్ళ ఊరి ఆసుపత్రి కాగితాలన్నీ పట్టుకొచ్చింది. మా పిల్లల వార్డు పెద్ద డాక్టరుగారు కాగితాలు చూసి, తల ఊపి, ఆ పిల్లాడికి గోధుమ లేని భోజనం రాయమని నాతో మర్యాదగా చెప్పారు. అంత తేలిగ్గా జరిగిపోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలకి వరాలు వచ్చింది.

వరాలు అప్పలనాయుడు కూతురు. అప్పలనాయుడిది ఆనందపురం దగ్గర పల్లె. భూమి చాలక ఊళ్ళోకి వచ్చి వన్ టౌన్‌లో ఒక బేకరీలో చేరాడు. పిండి కలపడంతో మొదలుపెట్టి భట్టీ మేస్త్రీ అయ్యాడు. భట్టీ అంటే రొట్టెలు కాల్చే ఇటుకల పొయ్యి. దాని మూతి దగ్గర చెయ్యి పెట్టి, వేడి చూసి, "ఇప్పుడు బన్ను, కాసేపాగి రొట్టె" అని చెప్పేవాడు. రోజూ పొద్దున్నే మొదటి వాయి బన్ను ఒకటి లుంగీ మడతలో పెట్టుకుని వెళ్ళి కూతురికి ఇచ్చేవాడు. పల్లెలో చుట్టాలు ఎవరొచ్చినా "మా గుంట బన్ను తినే పెరుగుతన్నాది" అని చెప్పుకునేవాడు.

ఆ గుంట పెరగలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఐదేళ్ళ పిల్లలా ఉండేది. తల్లి పైడమ్మ ఎత్తుకుని తిప్పని ఆసుపత్రి లేదు, కట్టని తాయెత్తు లేదు.

మా వార్డులో అప్పుడు డాక్టర్ శారద అని ఒక చిన్న డాక్టరు ఉండేది. ఉత్తరాదిన చదివి వచ్చింది. వరాలు పొట్ట చూసి, కాళ్ళు చూసి, తండ్రి ఏం పని చేస్తాడో అడిగి, నన్ను పక్కకి పిలిచి "ఇది అదే" అంది. పెద్ద డాక్టరుగారికి చెబితే ఆయన అందరి ముందూ నవ్వారు.

"శారదా, ఇది పంజాబ్ కాదమ్మా. అన్నం తినేవాళ్ళకి ఆ జబ్బు రాదు. వీళ్ళకి వచ్చేవి నులిపురుగులు."

ఆయన చేతకానివాడు కాడు. ఆ మాట ముందే చెప్పాలి. కలరా రోజుల్లో ఆయన నేల మీద కూర్చుని పిల్లలకి సెలైన్ ఎక్కించడం నేను చూశాను. ఎందరు తల్లులు ఆయన కాళ్ళు మొక్కారో. అలా మొక్కించుకున్న మనిషికి తను చూడనిది లోకంలో లేదని నమ్మకం కుదిరిపోతుంది. చేతకాని డాక్టరుకి భయముంటుంది, పక్కవాడిని అడుగుతాడు. ఈయన అడగడు. మీరు ఉద్యోగంలో చేరాక ఎక్కువగా జాగ్రత్తపడాల్సింది ఇలాంటి గొప్పవాళ్ళతోనే.

శారద మొండిది. నులిపురుగుల మందు ఇస్తూనే గోధుమ కూడా మానిపించి చూద్దామని ఆయన్ని ఒప్పించింది. "నీ సరదా నువ్వు తీర్చుకో" అన్నారాయన. ఆ సరదాలో వంటింటి భాగం నాకు అప్పగించారు.

రేకుకి రాసిన పిండి

నేను పైడమ్మని కూర్చోబెట్టి చెప్పాను. "గోధుమ పెట్టకు. బన్ను వద్దు, రొట్టె వద్దు, చపాతీ వద్దు."

"గోదుమ ఎట్టనమ్మా" అంది.

వారం తర్వాత వస్తే పిల్ల అలాగే ఉంది. ఏం పెట్టావని అడిగాను.

"గోదుమ ముట్టనేదమ్మా, ఒట్టు. ఉప్మా సేసి ఎట్టినాను, సేమ్యా పాయసం ఎట్టినాను. అంతే."

బొంబాయి రవ్వ గోధుమేనని ఆవిడకి తెలీదు. సేమ్యా గోధుమేనని తెలీదు. మైదా కూడా గోధుమేనంటే నమ్మలేదు, "అదంత తెల్లగుంటాది గదమ్మా" అంది. ఆవిడని అనడమెందుకు, మా నర్సుల్లో సగంమందికి తెలీదు. మన దగ్గర గోధుమ అంటే గోధుమపిండి ఒక్కటే. మిగతావాటికి వేరే పేర్లున్నాయి కాబట్టి అవి వేరే వస్తువులు. కాబట్టి పథ్యం చెప్పేటప్పుడు "గోధుమ వద్దు" అని చెప్పి చేతులు దులుపుకోకండి. రవ్వ వద్దు, సేమ్యా వద్దు, మైదా వద్దు, రస్కు వద్దు అని ఒక్కొక్క పేరూ పెట్టి చెప్పండి. చెప్పి, వెళ్ళి చూడండి. నేను వెళ్ళి చూశాను.

పైడమ్మ వంటింట్లో ప్రతి డబ్బా మూత తీయించాను. ఇంగువ డబ్బాలో పిండి కలిసి ఉంది. అసలు ఇంగువ ఘాటు, అందుకని గోధుమపిండి కలిపి అమ్ముతారు. అది తీయించాను. బియ్యప్పిండి ఎక్కడ పట్టించావంటే పూర్ణా మార్కెట్ పక్క సందులో మర అంది. ఆ మర దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నా ముందే ఒకావిడ గోధుమలు పోయించుకుని వెళ్ళింది. వెనకాలే ఇంకొకావిడ బియ్యం పోసింది. రాయి మీద మిగిలిన గోధుమంతా ఆ బియ్యంలోకే. పైడమ్మకి చెబితే ఎదురు మాట్లాడకుండా అటక మీది తిరగలి దింపి, బియ్యం తనే విసరడం మొదలుపెట్టింది.

పిల్లకి తేడా కనిపించింది. విరేచనాలు తగ్గాయి. మొహంలోకి కాస్త రంగు వచ్చింది. ఎత్తుకోమనకుండా నడిచి వచ్చింది. కాని బన్ను కోసం ఏడ్చేది. ఏడుపు తండ్రి చూడలేకపోయాడు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, బియ్యప్పిండితోటి ఏదైనా కాల్చి ఇయ్యొచ్చేటి? మా గుంటకి నా సేత్తో కాల్చింది తినాలని ఉన్నాది."

ఇవ్వొచ్చని చెప్పాను. అతను బియ్యప్పిండి, గుడ్లు, పంచదారతో చిన్న కేకు చేశాడు. రెండు రోజులు తిన్నాక పిల్లకి మళ్ళీ విరేచనాలు. శారద నన్ను బేకరీకి వెళ్ళి చూడమంది.

బేకరీ యజమాని మంచివాడు, అడ్డు చెప్పలేదు. అప్పలనాయుడు వాడిన ప్రతిదీ కొంచెం కొంచెం పొట్లాలు కట్టుకుని తెచ్చాను. మా లాబొరేటరీలో మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. గోధుమ పిండి రేణువులు పెద్దవిగా, గుండ్రంగా కనిపిస్తాయి. బియ్యంవి బాగా చిన్నవి, మూలలు తేలి ఉంటాయి. ఒకసారి చూస్తే మరి మర్చిపోరు. తిరగలి పిండి శుభ్రంగా ఉంది. విడిగా తూచి అమ్మే బేకింగ్ పౌడర్‌లో గుండ్రటి రేణువులు కనిపించాయి. బరువు కోసం మైదా కలిపేశారు. కేకు మీద జల్లిన పొడి పంచదారలోనూ అదే కథ. సరే, అవి రెండూ మానిపించి వంటసోడా, ఇంట్లో దంచిన పంచదార వాడించాను. అయినా కేకు అంచు గీకి చూస్తే మళ్ళీ గోధుమ.

"మైదా ముట్టుకున్నావా?"

"నేదమ్మా. నా పిల్ల మీద ఒట్టు."

"అయితే నా ముందు చెయ్యి."

చేశాడు. అంతా సరిగ్గానే కలిపాడు. కలిపిన పిండి పోసే ముందు, కేకు కాల్చే రేకుకి నూనె రాశాడు. రాసి, పక్క బస్తాలోంచి పిడికెడు మైదా తీసి రేకులో జల్లి, అటూ ఇటూ తిప్పి, దులిపేశాడు. కేకు అంటుకోకుండా అలా చేస్తారు. అతని చేతులు చేశాయి, అతను చూడలేదు.

"అదేమిటి?" అన్నాను.

"ఏటమ్మా?"

"ఆ మైదా."

అతను రేకు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అది కేకులో ఎయ్యనేదమ్మా, రేకుకి రాసినాను" అన్నాడు. అంటూనే అర్థమైంది. ఆ మనిషి మొహం చూడలేకపోయాను. ఆ రేకు తీసి గోడకేసి కొట్టాడు. మర్నాడు కొత్త రేకులు కొని, వాటి మీద మేకుతో పిల్ల పేరు గీయించి, వేరే పెట్టెలో తాళం వేసి ఉంచాడు. పొద్దున్నే బేకరీలో మైదా బస్తా విప్పకముందే వచ్చి, బల్ల కడిగి, కూతురి కేకు కాల్చి, ఆ తర్వాతే మిగతా పని మొదలుపెట్టేవాడు. ఇంటికి వెళ్ళే ముందు బేకరీ వెనక నూతి దగ్గర స్నానం చేసి బట్టలు మార్చుకోవడం కూడా అతను తనంతట తనే పెట్టుకున్న నియమం.

వానాకాలం వచ్చేసరికి వరాలు బళ్ళో చేరింది. ఒకరోజు వార్డుకి వచ్చి, పళ్ళన్నీ బయటపెట్టి, "నాను పరిగెడతన్నాను మేడమ్" అని వరండా ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తి చూపించింది. నా ఉద్యోగంలో నేను సంతోషపడిన రోజు చెప్పమంటే అది చెబుతాను.

నా హద్దు

శారదకి వేరే ఊరు బదిలీ అయింది. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని "పిల్లని వదలకండి" అంది. వరాలు చీటీ పెద్ద డాక్టరుగారి చేతికి వెళ్ళింది.

ఈలోగా ఆయన నోట మాట మారింది. అన్నం తినేవాళ్ళకి కూడా ఆ జబ్బు వస్తుందని, తన వార్డులో ఒక కేసు ఉందని, మీటింగుల్లో చెప్పుకోవడం మొదలుపెట్టారు. పోనీలే, నమ్మారు కదా అనుకున్నాను. పిల్ల బాగైంది గాని ఇంకా ఈడుకి తగ్గ బరువు లేదు. మీటింగులో చూపించాలంటే ఇంకాస్త ఒళ్ళు చెయ్యాలి. బలానికని టానిక్కులు, మందులు ఏవో రాశారు.

టానిక్కుల చీటీ నా చేతికి రాదు. అది నర్సుల దగ్గరికి, అక్కణ్ణించి మందుల కొట్టుకి పోతుంది. ఒకసారి అలాంటి చీటీ గురించి నేను అడిగితే ఆయన కళ్ళద్దాల మీంచి చూశారు.

"పొయ్యి మీద ఉన్నదంతా నీది. సీసాలో ఉన్నదంతా నాది. అర్థమైందా అమ్మా?"

ఆసుపత్రి అంతా ఆ గీత ఒప్పుకుంది. నేనూ ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే ఉద్యోగం ఉండదు మరి.

దసరా దాటాక పైడమ్మ పిల్లని ఎత్తుకుని వచ్చింది. మళ్ళీ ఎత్తుకుని. పొట్ట ఉబ్బి ఉంది. వాళ్ళింటికి పరిగెత్తాను. పైడమ్మ వంటింట్లో ఉన్నవన్నీ నేల మీద పరిచింది. ఉప్పు, పప్పు, కారం, తిరగలి, ఆఖరికి ఊరగాయ జాడీలు కూడా. పొట్లాలు కట్టుకుని వెళ్ళి మైక్రోస్కోపులో చూశాను. ఎక్కడా ఏమీ లేదు. రేకులు చూశాను, శుభ్రంగా ఉన్నాయి.

పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు నేను ఆ సంగతే చెబుతున్నాను. ఆయన నా మాట పూర్తిగా వినలేదు. మంచం పక్కన నిలబడ్డ అప్పలనాయుణ్ణి చూశారు.

"నువ్వు బేకరీలో కదా పని?"

"అవున్సార్."

"ఇంకెక్కడ వెతుకుతావమ్మా?" అన్నారు నాతో. తర్వాత అతనితో, "నీ ఒంటి మీద, జుట్టులో, గోళ్ళలో పిండి. ఆ చేతులతో పిల్లని ఎత్తుకుంటావు. నీ పిండే నీ పిల్లని చంపుతోంది" అన్నారు.

అందరి ముందూ అన్నారు. పైడమ్మ ముందూ అన్నారు. అతను స్నానం చేసే ఇంటికి వెళతాడని నేను చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపారు. పైడమ్మ భర్త వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఓలమ్మో అని ఏడుస్తూ పిల్లని అతని వైపు నుంచి పక్కకి లాక్కుంది.

అప్పలనాయుడు ఆ రోజే బేకరీ మానేశాడు. యజమాని బతిమాలాడు. వినలేదు. పోర్టులో బస్తాలు మోసే కూలీల్లో చేరాడు. వార్డు నుంచి ఇంటికి తీసుకెళ్ళాక పిల్ల ఇంకా నీరసించింది. అతను ఇంటి బయట అరుగు మీద పడుకోవడం మొదలుపెట్టాడు. కూతుర్ని ముట్టుకోలేదు. అయినా పిల్ల కోలుకోలేదు. చలికాలంలో మళ్ళీ తీసుకొస్తే మా వార్డులోనే పోయింది. చివరి రోజు తండ్రిని దగ్గరికి రమ్మని పిలిచింది. అతను గుమ్మం దగ్గర నిలబడి "ఒద్దమ్మా, నాను రాకూడదు" అన్నాడు.

పైడమ్మ ఇచ్చిన సీసా

పెద్దకర్మ అయిపోయాక నేను వాళ్ళింటికి వెళ్ళాను. అప్పలనాయుడు పనిలోకి వెళ్ళాడు. పైడమ్మ ఏడవలేదు. కాసేపటికి లేచి, గోడకి ఉన్న దేవుడి అర దగ్గరికి వెళ్ళి, పటాల వెనక నుంచి ఒక సీసా తీసింది. కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఇది ఆకరి సీసా, ఇందులో ఇంకా సగం ఉన్నాదమ్మా. పెద్ద డాక్టరుబాబు రాసినారు, బలం మందు. కరీదు మందు. పూటకి రెండు సెంచాలు పాలల్లో కలిపి పట్టినాను, ఒక్కపూట కూడా మాననేదు. మా గుంటకి రుణం నేదు. బలం నేని పిల్ల ఎవలైనా వస్తే ఇయ్యండి. ఊరికే పోకూడదు."

మాల్టు పొడి సీసా. ముందు వైపు నవ్వుతున్న పిల్లాడి బొమ్మ. వెనక్కి తిప్పాను. చీమ కాళ్ళంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఇందులో కలిపినవి అని రాసి ఉంది. బార్లీ మాల్టు. గోధుమ పిండి.

నేను ఆ ఇంట్లో ప్రతి డబ్బా తెరిచాను. దేవుడి అర వైపు కన్నెత్తి చూడలేదు. వంటింట్లోవి అన్నీ తెమ్మంటే పైడమ్మ అన్నీ తెచ్చింది, అబద్ధం చెప్పలేదు. ఇది తిండి కాదు, మందు. మందు దేవుడి దగ్గర ఉంటుంది. ఆవిడ లెక్క అది. సీసా డాక్టరుది, పొయ్యి నాది. ఆసుపత్రి లెక్క కూడా అదే. ఇద్దరి లెక్కలూ కలిసి సరిగ్గా సరిపోయాయి. ఆ సందులో పిల్ల పోయింది.

"ఇస్తానమ్మా" అని సీసా పట్టుకుని వచ్చేశాను.

మర్నాడు పెద్ద డాక్టరుగారి బల్ల మీద ఆ సీసా పెట్టాను. వెనక వైపు చూపించాను. ఆయన చదివారు. చాలాసేపు చదివారు, అంత చదవడానికి అక్కడేమీ లేదు. ఒక్క క్షణం ఆయన మొహం ముసలివాడి మొహంలా అయిపోయింది. ఈ మనిషి ఇప్పుడు నిజం చెబుతాడు అనుకున్నాను. సీసా మూత బిగించి, సొరుగులో పెట్టేశారు.

"ఇందులో ఉన్నది చాలా కొంచెం. దానివల్లే అని చెప్పలేం. తండ్రి పిండి సంగతి నీకు తెలిసిందే కదా."

"అతను స్నానం చేసి వెళ్ళేవాడు సార్. పని మానేశాక కూడా పిల్ల క్షీణించిపోయింది."

"పోయిన పిల్ల గురించి ఇప్పుడు ఎందుకమ్మా? నువ్వెళ్ళి వార్డు భోజనాలు చూసుకో."

ఆయన మీద నాకున్న గౌరవం ఆ సొరుగుతో పాటే మూసుకుపోయింది. పొరపాటుకి నేను ఎవరినీ అసహ్యించుకోను. శారద ఉంటే ఆవిడ కూడా ఆ సీసా సంగతి పట్టుకునేదో లేదో ఎవరు చెప్పగలరు. తన పొరపాటుని ఒక కూలివాడి నెత్తిన పెట్టి, దాన్ని దించే అవకాశం చేతికి వచ్చినా దించలేదే, దానికి నేను ఆయన్ని క్షమించలేదు. ఆయన పోయినప్పుడు అందరూ వెళ్ళారు, నేను వెళ్ళలేదు.

పోర్టు గేటు దగ్గర

ఆయన దించకపోతే నేను దించుతాననుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకి పోర్టు గేటు దగ్గరికి వెళ్ళి అప్పలనాయుణ్ణి పిలిపించాను. తలకి గుడ్డ చుట్టుకుని, ఒళ్ళంతా ఎరువు దుమ్ముతో వచ్చాడు. పక్కనున్న టీ బడ్డీ నీడలో నిలబెట్టి అంతా చెప్పాను. సీసా సంగతి, వెనక రాసి ఉన్న సంగతి, పెద్ద డాక్టరుగారి మాట, అన్నీ.

"నీ పిండి కాదయ్యా. నీ తప్పు వెంట్రుకవాసి లేదు. నువ్వు బేకరీకి వెళ్ళిపో. ఈ సాయంత్రమే మీ ఇంటికొచ్చి పైడమ్మకి నేను చెబుతాను."

నిజం చెప్పాలంటే అతను ఏడుస్తాడని, నాకు దణ్ణం పెడతాడని కూడా అనుకున్నాను. అతను కింద కూర్చున్నాడు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఆ సీసాదేనా? దేవుడి దగ్గరున్నాదదేనా?"

"అదే."

"అది పైడి కలిపి పట్టీది. పిల్ల ఒద్దంటే ఒళ్ళో కూకోబెట్టుకోని, ముక్కు మూసి పట్టీది. దేవుడికి సూపించి పట్టీది."

నేను అతని బరువు దించడం గురించే ఆలోచించాను. దించిన బరువు ఎవరి మీద పెడుతున్నానో చూడలేదు.

"సెప్పకండమ్మా" అన్నాడు.

"నువ్వు చెయ్యని దానికి..."

"నన్ను తిడతాది, తిట్టుకోనీండి. తిట్టి, ఏడిసి, తరవాత అన్నం తింటాది. ఇది తెలిసిందనుకో, ఇంకెవల్ని తిడతాది? దాని సేతుల్ని అదే తిట్టుకోవాల. బతకదమ్మా అది."

"మరి నీ బేకరీ?"

"నాను బేకరీకెల్తే ఏటనుకుంటాది? నా పిండి కాదని తెల్దేటి? కాకపోతే ఇంకేటని అడగదా?" లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు. "భట్టీ దగ్గర నాకంటే మంచోడు ఒస్తాడమ్మా. ఎల్లొస్తాను, లోడు దిగతన్నాది."

అతను గేటు లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత నేను మా ఆసుపత్రిలో ప్రతి సీసా వెనక వైపు చదివాను. హద్దు దాటావని రెండుసార్లు మెమో ఇచ్చారు, తీసుకున్నాను. మీరూ చదవండి. మీకూ మెమోలు ఇస్తారు, తీసుకోండి.

చాలా ఏళ్ళకి ఒకసారి పూర్ణా మార్కెట్‌లో వాళ్ళిద్దరూ ఎదురయ్యారు. పైడమ్మ జుట్టు నెరిసిపోయింది, నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. అప్పలనాయుడు ఆవిడ వెనక సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఊరికే మాట కలపాలని "ఇంకా పోర్టులోనేనా?" అని అతన్ని అడిగాను. అతను నోరు తెరిచేలోపే పైడమ్మ అందుకుంది.

"పోర్టు కాకపోతే ఇంకేటమ్మా? ఆ రొట్టెల కొట్టు మెట్టెక్కితే నాను ఊరుకుంతానేటి? ఈ మనిసి పిండే గదా నా గుంటని తినీసినాది."

నేను అతని వైపు చూశాను. అతను సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అవునమ్మా," అన్నాడు. "నా పిండే."